నీళ్లు పోసే చేతులు

పోయిన వారం సుమనను కోస్గి ఫంక్షన్ హాలు మెట్ల మీద, గోడకు అంటించిన కాగితం ముందు నిలబెట్టి వదిలాం. మన దేశపు పిల్లల ఎత్తూ బరువూ కొలిచి, మన పిల్లలకని ఒక ఎదుగుదల చార్టు తయారుచేసే పనిలో సుమన, ఆమె ఆడబిడ్డ నర్సింగమ్మ ఒక జంట. ఏడాదిగా ఇద్దరూ కలిసే కొలుస్తున్నారు. ఆ రోజు కొలిచేవాళ్లకు పరీక్ష. కాగితం మీద చూస్తే వాళ్లిద్దరి పేర్లు పక్కపక్కన లేవు. సుమన పక్కన కల్వకుర్తి నుంచి వచ్చిన పుష్ప పేరు ఉంది.

ఇంటి దగ్గర ఇంకో గుబులు. సుమన కూతురు మల్లికకు రెండేళ్లు దాటాయి. అంగన్‌వాడీ చార్టులో ఆ పిల్ల గీత ఉన్నట్టుండి కిందికి వంగింది. ఎదుగుదల ఆగిందన్నారు. మరునాడే భర్త పరమేష్ పిల్లను పట్నం పెద్ద దవాఖానకు తీసుకుపోవాలి. ఎత్తు పెరగడానికి సూదులు మొదలుపెడతారని అంటున్నారు. ఆ గీత వంగిన రోజు నుంచి అత్త గోపమ్మ నోట ఒకటే మాట. "మా ఇంట్ల పొట్టోళ్లు ఎవ్వలు లేరు. గిది నీ దిక్కునుంచే వచ్చింది."

ఇక ఈ వారం సంగతి.

హాల్లో మొన్నటి పెళ్లి వాసన ఇంకా పోలేదు. స్టేజీ మీద బంతిపూల దండలు వాడిపోయి వేలాడుతున్నాయి. దుప్పట్లు తెరలుగా కట్టి హాలును గదులు గదులుగా విడదీశారు. ఒక్కో తెర వెనుక పసిపిల్లల్ని పడుకోబెట్టి పొడవు చూసే చెక్క బల్ల ఉంది. దానికి తల వైపు పలక కదలదు. కాళ్ల వైపు పలక జరుగుతుంది. తల్లి పిల్ల తల పట్టుకుంటే, కొలిచే మనిషి మోకాళ్లు మెల్లగా అదిమి, పలకను అరికాళ్లకు ఆనించి, అంకె చూసి రాసుకోవాలి. ఒక్కో పిల్లను ఇద్దరు విడివిడిగా కొలవాలి. ఒకరికి వచ్చిన అంకె ఇంకొకరికి తెలియకూడదు. ఇద్దరి మధ్య తేడా ఎక్కువ వస్తే ఇద్దరూ మళ్లీ మొదటినుంచి కొలవాలి.

ఈ చివరి నియమమే సుమనను ఏడాదిగా వేధిస్తోంది.

నర్సింగమ్మకు అంకె చూస్తే పైకి చదవకుండా ఉండడం చేతకాదు. పెదవుల మధ్యే అనుకున్నాననుకుంటుంది కానీ పక్క మనిషికి వినిపిస్తుంది. ఆ తర్వాత సుమన వంతు. సుమన కళ్లకు అంకె కొంచెం తక్కువ కనబడేది. మొదటి వారం ఒకసారి కనబడిందే రాసింది. తేడా ఎక్కువైందని మళ్లీ కొలవమన్నారు. నర్సింగమ్మ కోప్పడలేదు. పైగా, "కొత్త గద పిల్లకు, చెయ్యి కుదురుతది తియ్యండి" అని నలుగురిలో వెనకేసుకొచ్చింది. ఆ మంచితనమే సుమన ప్రాణం తీసింది. ఈ పని ఇప్పించింది ఆమె. కాన్పుకు తోడున్నది ఆమె. గోపమ్మ నోరు చేసుకున్నప్పుడు కన్నతల్లినే కసిరి, మరదల్ని పక్కకు తీసుకుపోయింది ఆమె. ఆ ఇంట్లో ఆడబిడ్డ మాట మీద ఇంకో మాట లేదు. వదినె కన్ను తప్పు ఎట్లవుతుంది, తన కన్నే తప్పయి ఉంటుంది. అట్లా అనుకుని సుమన వదినె అంకెనే తన అంకెగా రాయడం మొదలుపెట్టింది. తేడాలు పోయాయి. కోస్గి జంట బాగా కొలుస్తుందని పేరు కూడా వచ్చింది.

"ఏమమ్మా, ఆడబిడ్డ కొంగు పట్టుకోకుంటే చేతులాడుతలేవా?" అంది పుష్ప తెర లోపలికి వస్తూ. బొద్దుగా ఉంటుంది, మాటకు ముందే నవ్వు వస్తుంది. "నాకూ అట్లనే ఉంది. మా జోడీ ఆమె రోజంతా దేవుని పాటలు పాడుతది. ఇయ్యాల చెవులు ఖాళీగున్నయి."

సుమన నవ్వలేక నవ్వింది.

మొదటి పిల్లవాడు బల్ల మీద పడుకోబెట్టగానే ఏడుపు అందుకున్నాడు. పుష్ప కొలిచి, నోరు మూసుకుని, కాగితం బోర్లించి పక్కకు జరిగింది. సుమన కొలిచింది. చెవిలో పడే అంకె లేదు. కన్ను, బల్ల మీద గీత, అంతే. కనబడింది రాసి, మళ్లీ ఒకసారి గీత చూసుకుంది. తర్వాత ఇంకో పిల్ల. ఇంకో పిల్ల. రెండు చేతుల్లో ఇద్దరు పిల్లల్ని పట్టుకుని ఒక తల్లి వచ్చింది, కవలలు. పని నడుస్తున్న కొద్దీ రెండోసారి చూసుకోవడం మానేసింది.

పూట నడిమికి గ్రేస్ మేడం తెర తీసుకుని వచ్చింది. పానగల్ ఆమెది. డాక్టరు చదువు చదివి, ఈ చార్టు పనికి రెండు జిల్లాల మీద పెద్దగా ఉంది. చెప్పులు బయటే విడిచి, పిల్లలు పడుకునే చోటికి వట్టికాళ్లతో వస్తుంది. ఇద్దరి కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చూసింది.

"మీ ఇద్దరికి గింత కూడ తేడా లేదు. ఎక్కడో ఒకటి రెండు మిల్లీమీటర్లు. మంచిగ కొలుస్తున్నరు" అంది.

సుమనకు చెవులు వేడెక్కాయి. కోస్గి బస్టాండు దగ్గర ఎవరో పిలిచి చేతిలో మిఠాయి పొట్లం పెట్టినట్టయింది. కల్వకుర్తి నుంచి వచ్చిన, ముఖం కూడా ఎరగని మనిషి కన్నూ తన కన్నూ ఒకటే చూశాయి. తన కన్ను మంచిదే. ఏడాది పొడుగునా మంచిదే.

ఆ సంతోషం తెర దాటకముందే దాని వెనుక ఇంకో మాట తోసుకొచ్చింది. తన కన్ను మంచిదైతే, మరి వదినెది?

పరీక్ష కనుక అవే పిల్లలు తెర తెరకూ తిరుగుతున్నారు. పక్క తెర వెనుక నుంచి అప్పుడే కిలకిల నవ్వు వినబడింది. ఇందాక సుమన బల్ల మీద గుక్కపట్టి ఏడ్చిన పిల్లవాడే, నర్సింగమ్మ బల్ల మీద నవ్వుతున్నాడు.

"మీ ఆడబిడ్డ చేతిల ఏమన్న మందుందా?" అంది పుష్ప.

మందు లేదు. నర్సింగమ్మ పాతికేళ్లుగా ఊళ్లో పసిబిడ్డలకు నీళ్లు పోసిన మనిషి. ఎవరింట్లో కాన్పయినా ఆమెకే కబురు. ముంజేతులకు నూనె రాసుకుని, పీట మీద కాళ్లు చాపుకుని, వాటి మీద బిడ్డను పడుకోబెట్టుకుని పోసేది. తర్వాత అంగన్‌వాడీలో ఆయమ్మగా కుదిరింది. కోస్గిలో తల్లులు పిల్లల్ని ఈ కొలతలకు తేవడానికి ఒప్పుకున్నారంటే సగం ఆమె మొహం చూసే.

అన్నాలు తిన్నాక గ్రేస్ మేడం ఇద్దరినీ స్టేజీ దగ్గరికి పిలిచింది. పుష్ప పిలవకపోయినా వచ్చి ఒక కుర్చీ లాక్కుంది. ఎర్ర మఖమల్ కుర్చీలు, పెళ్లివాళ్లవి. నర్సింగమ్మ కూర్చోలేదు, కొంగు నడుముకు దోపుకుని నిలబడింది.

"ఒక మాట అడగాలె" అంది గ్రేస్ మేడం. "మీరిద్దరు జంటగ కొలిస్తే ఏడాది సంది తేడా లేదు. ఇయ్యాల విడదీస్తే తేడా వచ్చింది. అందరికి అవే పిల్లలు, ఒకటే తీరు బల్లలు. నర్సింగమ్మగారు కొలిచిన పిల్లలందరు పొడుగొస్తున్నరు. ఒక్కరు కాదు, అందరు. సుమనకేమో పుష్పతోని కలుస్తాంది. గిది ఎట్ల?"

నర్సింగమ్మ ఏమాత్రం తొణకలేదు. "మేడం, సుమన చెయ్యి జర మెత్తన. పిల్లలు కాలు ముడుచుకుంటె ఊకుంటది. నేను కుదురుగ పండబెడత. జంటగ ఉన్నప్పుడు నన్ను చూసి నేర్చుకున్నది, ఇయ్యాల పక్కన లేకపోయేసరికి మళ్ల మెత్తబడ్డది. చిన్నపిల్ల. దాన్నేమనకుండ్రి."

మళ్లీ వెనకేసుకొస్తోంది. సుమన నేల చూసింది.

"మరి పుష్ప చెయ్యి గూడ మెత్తనా?" అంది గ్రేస్ మేడం.

"నన్నెవ్వరు ఇంతవరకు మెత్తన అనలే" అంది పుష్ప.

గ్రేస్ మేడం నవ్వు ఆపుకుంది. తర్వాత మెల్లగా చెప్పింది. "అమ్మా, ఇది ఎవరు గొప్ప అని అడిగే మాట కాదు. తిండికీ పాలకూ లోటు లేని పిల్లల్ని చూసి మనం గీత గీస్తున్నం. మంచిగ పెరిగే పిల్ల ఇంతుంటది అని. ఆ గీత ఉన్నదానికన్న పైకి పోయిందనుకోండి. రేపు పుట్టే పిల్లలు ఎంత మంచిగ పెరిగినా దాని కిందనే ఉంటరు. బాగున్న పిల్లలను పొట్టోళ్లని రాస్తం. తల్లులు ఏడుస్తరు. దవాఖానల చుట్టు తిరుగుతరు."

సుమనకు ఆ తల్లులెవరో ఊహించుకునే పని లేకపోయింది. గోపమ్మ గొంతు అక్కడే, ఆ కుర్చీల మధ్య వినబడింది. నీ దిక్కునుంచే వచ్చింది. పిల్లలు అసలెట్లా పెరుగుతారో చూద్దామనే తను ఈ పనిలో చేరింది. చేరి, ఏడాది పాటు ఆ గీతను తన చేత్తోనే పైకి నెట్టింది.

"మేడం" అంది. కుర్చీలోంచి లేచింది. మళ్లీ అంది. "మేడం, వదినెను ఒక్కసారి ఇక్కడ కొలవమనండ్రి. అందరం చూద్దం."

నర్సింగమ్మ తల తిప్పి మరదలి వైపు చూసింది. కోపం లేదు, కొంత ఆశ్చర్యం. నలుగురిలో సుమన ఆమె గురించి ఒక మాట అడగడం అదే మొదలు.

గోడ పక్కన బిడ్డకు పాలిచ్చి కూర్చున్న స్వర్ణను పిలిచారు. ఇందాక నర్సింగమ్మ తెర తప్ప అన్ని తెరల వెనుకా ఏడ్చిన బిడ్డే. బల్ల తెచ్చి వెలుతురులో పెట్టారు. స్వర్ణ బిడ్డ తల పట్టుకుంది. నర్సింగమ్మ వంగింది.

ముందు రెండు అరచేతులూ రుద్దుకుని వెచ్చ చేసుకుంది. బిడ్డ తొడల మీద చేతులు వేసింది. తొడల నుంచి మోకాళ్ల మీదుగా పాదాల దాకా ఒక్క తీరుగా దిగదీసింది. మళ్లీ ఒకసారి. మూడోసారి దిగదీస్తూ, మడమలు రెండూ పిడికిట్లో ఇమిడించి మెల్లగా తన వైపు లాగి, అట్లాగే పట్టుకుని పలక ఆనించింది. బిడ్డ ఒళ్లంతా సాగి, చేతులు పైకి చాపి, నోరంతా తెరిచి నవ్వింది.

స్వర్ణ కూడా నవ్వింది. "ఇంకేం, నూనె తెస్త పెద్దమ్మా. నీళ్లు గూడ పోసిపోవే."

ఆ మాట అన్న స్వర్ణకు అందులో ఏముందో తెలియదు. మిగతా వాళ్ల చూపులన్నీ బిడ్డ మడమల మీదికి పోయాయి. నర్సింగమ్మ తన చేతుల వైపు చూసుకుంది. మడమలు ఇంకా పిడికిట్లోనే ఉన్నాయి. పాతికేళ్లుగా నీళ్లు పోశాక కాళ్లు సాగదీసిన చేతులవి. పిల్లల కాళ్లు చక్కగా రావాలని, వాళ్లు హాయిగా నిద్రపోవాలని. బల్ల కనబడితే చేతులు పీటనుకున్నాయి. ఆమె ఏమీ చెయ్యకుండానే వాటంతటవే ఆ పని చేశాయి.

మెల్లగా వేళ్లు వదిలింది. బిడ్డ కాళ్లు వెనక్కి వచ్చాయి. పలకకూ అరికాళ్లకూ మధ్య సన్నని సందు కనబడింది. అందరికీ కనబడింది.

"అయ్యో" అంది నర్సింగమ్మ. అంతే.

సుమన చెప్పేసింది. ఇంకాస్త ఆగితే చెప్పలేనని తెలుసు. "నాకు ముందటి సంది తక్కువనే కనబడుతుండె వదినె. నువ్వు పైకి చదువుతవు గద, అదే రాసిన. అన్నిసార్లు నీదే రాసిన."

గ్రేస్ మేడం కళ్లు మూసుకుని తెరిచింది. నర్సింగమ్మ మాత్రం ఆమెను చూడలేదు. మరదలినే చూస్తోంది. ఇప్పుడు వచ్చింది కోపం.

"నీకు కనబడ్డది. కనబడి రాయలే."

"నీ మాట కాదని ఎట్ల రాయాలె వదినె."

"కాదని రాసుడే గదనే నీ పని. నీ కన్ను నాది ఒకటైతే ఇద్దరం ఎందుకు? జీతం దండుగ. ఏడాది సంది నేను తప్పు చేస్తుంటె పక్కన నిలబడి తలూపినవు. నేను నీకు ఏం పాపం చేసిన పిల్లా?"

సుమనకు కళ్లలో నీళ్లు తిరిగాయి. నర్సింగమ్మ ఊపిరి తీసుకుంది. మొహంలో ఏదో కొత్త అనుమానం పొడిచింది.

"మరి నా పచ్చిపులుసు?"

"ఏంది వదినె?"

"మా ఇంటికి వచ్చినప్పుడల్ల పోసుకుని తాగుతవు గద, ఇంకింత వెయ్యిమని. అది గూడ గిట్లనేనా?"

సుమన పుష్ప వైపు చూసింది. పుష్ప కుర్చీలో అటు తిరిగి కొంగు నోట్లో కుక్కుకుంది.

"చెప్పు. ఇయ్యాల నిజాలు చెప్పే దినమే గద."

"పులుపు... జర ఎక్కువైతది వదినె."

పుష్ప ఇక ఆగలేదు. గ్రేస్ మేడం కూడా ఆగలేదు. స్వర్ణ ఎందుకో తెలియకుండానే నవ్వింది. నర్సింగమ్మ కాసేపు బిగబట్టుకుని నిలబడి, చివరికి తనే నవ్వి, సుమన నెత్తి మీద మెత్తగా ఒక మొట్టికాయ వేసింది. "ఎనిమిదేండ్లు తాగినవు కదనే" అంది. సుమన ఏడుస్తూ నవ్వుతూ ఆమె చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి ఇంకా వెచ్చగానే ఉంది.

నవ్వులు సద్దుమణిగాక గ్రేస్ మేడం ఉన్న సంగతి చెప్పింది. కోస్గిలో పడుకోబెట్టి కొలిచిన పొడవులన్నీ పక్కన పెట్టేయాలి. ఆ పిల్లలు పెరిగిపోయారు, గడిచిన నెలలను మళ్లీ కొలవలేరు. బరువులు నిలుస్తాయేమో పైవాళ్లు చూస్తారు. కోస్గి పేరు చార్టులో ఉండాలంటే కొత్త బిడ్డలతో మొదటినుంచి మొదలుపెట్టాలి. జరిగినదంతా తనే పైకి రాస్తానంది.

"నన్ను తీసేస్తరు" అంది నర్సింగమ్మ, అడిగినట్టు కాదు, చెప్పినట్టు.

"ఎందుకు తీసేస్తం? మీ బల్ల మీద తప్ప ఏడ్వని పిల్లను ఇంతవరకు ఒక్క కొలతలో చూడలే నేను. మీరు తల దగ్గర ఉండండ్రి. తల పట్టుకోండ్రి, ముచ్చట చెప్పండ్రి. కాళ్ల జోలికి మాత్రం పోవద్దు. కాళ్ల దగ్గర సుమన, పుష్ప ఉంటరు."

"కల్వకుర్తి నుంచి రోజు బస్సెక్కి రావాల్నా నేను?" అంది పుష్ప. "పచ్చిపులుసు పెట్టనంటెనే వస్త."

నర్సింగమ్మ ఈసారి నవ్వలేదు. బల్ల అంచు పట్టుకుని ఏదో లెక్క చూసుకుంటున్నట్టు నిలబడిపోయింది. తర్వాత గ్రేస్ మేడం వైపు తిరిగింది.

"మేడం, పిల్లలను ఎన్నేండ్ల దాక పండబెట్టి కొలుస్తం?"

"రెండేండ్లు నిండేదాక. తర్వాత నిలబెట్టి."

"నిలబెడితే నా చేతుల ఏముండదు. ఉన్న ఎత్తే వస్తది."

"అవును."

నర్సింగమ్మ సుమనను చూసింది. ఆ చూపు అర్థమై సుమన తనూ బల్ల అంచు పట్టుకుంది. మల్లిక పుట్టిన నాటి నుంచి రెండేళ్ల దాకా అంగన్‌వాడీ బల్ల మీద పడుకోబెట్టింది ఆయమ్మ. ఆయమ్మ నర్సింగమ్మ. సొంత మేనకోడలని ఇంకాస్త ముద్దుగా, ఇంకాస్త పొడుగ్గా దిగదీసి ఉంటుంది. నిలబెట్టి కొలిచిన మొదటి నెలలోనే గీత వంగింది.

"బిడ్డ పెరుగుడు ఆగలేదేమో" అంది నర్సింగమ్మ మెల్లగా. "ముందు నేను ఎక్కువ చూపిచ్చిన, అంతే."

"అయి ఉండొచ్చు" అంది గ్రేస్ మేడం, ఒక్కో మాటా తూచినట్టు. "కాకపోవచ్చు గూడ. ఆశ పడకు సుమనా, భయపడకు. ఇప్పుడు మల్లిక ఎంతుందో నేను, పుష్ప వేరువేరుగ కొలుస్తం. కొన్ని నెలలాగి మళ్ల కొలుస్తం. అప్పుడు తెలుస్తది. డాక్టరుకు చూపిచ్చుడు మంచిదే, పోండ్రి. కానీ ఈ సంగతి డాక్టరుకు చెప్పకుండ మాత్రం సూదులు మొదలుపెట్టనీయొద్దు."

"రేపు గద పోయేది. నేను గూడ పోత. నా చేతులు చూపిస్త డాక్టరుకు" అంది నర్సింగమ్మ.

సుమన పరీక్ష కోసం ఆపిన ఫోను తీసి తెరిచింది. పరమేష్ చాలాసార్లు చేసి ఉన్నాడు. తిరిగి చేసింది.

"ఎటువోయినవు?" అన్నాడు పరమేష్. వెనుక బస్సు ఇంజను మోత. "అమ్మ ఆగనియ్యలే. రేప్పొద్దున పోతె వరుస దొరకదని ఇయ్యాలనే బయల్దేరదీసింది. రాత్రి చిన్నమ్మోళ్లింట్ల ఉండి పొద్దుగాల పోతమని. పరిగి వచ్చినం. నీ ఫోను కలుస్తలే, ఏం చేయమంటవు."

"మల్లిక?"

"అమ్మ ఒళ్లె ఉంది. అమ్మ గూడ వచ్చింది. డాక్టరుతో తనే మాట్లాడతదట. తల్లి దిక్కు పొట్టోళ్లని చెప్తదట."

పక్కనుంచి వింటున్న నర్సింగమ్మ ఫోను లాక్కుంది. "పరమేషా, దిగు. అక్కన్నే దిగు."

అవతల ఫోను చేతులు మారిన చప్పుడు. ఆ తర్వాత వచ్చింది తమ్ముడి గొంతు కాదు.

"ఎవరు దిగాలె?" అంది గోపమ్మ. "ఎందుకు దిగాలె? నువ్వు చెప్పు నర్సింగీ."

తల్లి ముందు నర్సింగమ్మ ఎన్నోసార్లు గొంతు పెంచింది, మరదలి కోసం, తమ్ముడి కోసం. తనది తప్పు అని చెప్పవలసిన అవసరం మాత్రం ఇంతవరకు రాలేదు. గోపమ్మకు కొడుకు కంటే ఈ బిడ్డ మీదే గర్వం. ఊరందరి పిల్లలకూ నీళ్లు పోసిన చెయ్యి నా బిడ్డది అని వీధిలో చెప్పుకునేది.

నర్సింగమ్మ సుమన భుజం మీద చెయ్యి వేసి, ఆమెకూ వినబడేట్టు ఫోను ఇద్దరి మధ్యకు జరిపింది.

"అమ్మా, మల్లిక పొడుగు ఇన్నొద్దులు నేను తప్పు చూపిచ్చిన. బల్ల మీద కాళ్లు లాగిన, నీళ్లు పోసినట్టు. తప్పు నా చేతులది. సుమనది కాదు, వాళ్ల దిక్కుది కాదు. ఇన్ని దినాలు నువ్వన్న మాటలన్ని నన్ను అనాలె. ఇంటికొచ్చినంక అను. ముందు బస్సు దిగు."

అవతల మల్లిక ఏదో అడుగుతోంది, బిస్కెట్టు కాబోలు. టికెట్లు, టికెట్లు అని కండక్టరు గొంతు దగ్గరికి వచ్చింది. గోపమ్మ అతనితో ఏదో అంది, ఇంజను మోతలో తెలియలేదు.

ఒక విజిల్ అయితే బస్సు ఆపమని. రెండయితే పోనిమ్మని.

ఫోనులో ఒక విజిల్ వినబడింది. నర్సింగమ్మ, సుమన ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని, రెండోది వినబడుతుందేమోనని ఊపిరి బిగబట్టారు.